ముట్టొద్దన్న చెట్టు

యిర్మియా పేరు చెబితే గోదావరిఖనిలో గని కార్మికులు ఉండే ఆ లైన్ క్వార్టర్ల వాళ్ళకు ముందు గుర్తొచ్చేది మనిషి కాదు, చెట్టు. వరండాలో గోలెంలో, అంటే పెద్ద మట్టికుండీలో, నిలబడి ఉండేది. క్రిస్మస్ చెట్టు ఇల్లెక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్ళు. మనిషి మాత్రం ఇంట్లో ఉన్నాడో లేడో తెలియనట్టు ఉండేవాడు. బాయిలో టింబర్‌మన్ పని అతనిది. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం టింబర్‌మన్ చేసే పని. బెల్లంపల్లిలో కొన్నేళ్ళు, ఇక్కడ కొన్నేళ్ళు చీకట్లో తల పైకెత్తి బతికినవాడు కదా, పైకి వచ్చాక కూడా ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడేవాడు కాదు. చూరు చూస్తూ మాట్లాడేవాడు.

ఆ చెట్టు కూడా అతనిది కాదు, భార్య సువార్తది. సువార్త మేనేజర్ బంగళాలో వంటపని చేసేది. పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆ మేనేజర్‌కు బదిలీ అయింది. సామాన్లన్నీ పెట్టెల్లో సర్దుకున్నారు గానీ దొరసాని ముచ్చటపడి ఎక్కడినుంచో తెప్పించుకున్న ఈ మొక్క రైల్లో బతకదని భయపడ్డారు. మోకాలెత్తు ఉండేది. సువార్తను పిలిచి, నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో, ఎప్పుడు పొయ్యకూడదో ఒక పూటంతా కూర్చోబెట్టి చెప్పి, చేతిలో పెట్టి వెళ్ళింది ఆ మహాతల్లి. సువార్త దాన్ని చంకలో పెట్టుకుని, రెండు మైళ్ళు నడిచి ఇంటికి తెచ్చుకుంది.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట మొగుడూ పెళ్ళాలు ఏనాడూ పైకి అనుకోలేదు. చెట్టు వచ్చాక అనుకోవలసిన పని కూడా లేకపోయింది. ఏడాదికో అంతస్తు చొప్పున, చుట్టూ చేతులు చాచినట్టు కొమ్మలు వేస్తూ అది పెరిగింది. డిసెంబర్ వస్తే సువార్త దూదిని పింజలు పింజలుగా విడదీసి ఆకుల మీద పెట్టేది, రంగు కాగితంతో చుక్కను కత్తిరించి కొసకు కట్టేది. లైన్‌లో పిల్లలంతా వచ్చి చెట్టు చుట్టూ కూర్చుంటే తలా ఒక సకినం, బెల్లం అప్పం పెట్టేది. యిర్మియా అప్పుడు డ్యూటీలో ఉండేవాడు, లేకపోతే నిద్రలో ఉండేవాడు.

అతనికి ఆ చెట్టు గురించి తెలిసిందల్లా ఒక్కటే. రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఇంటికొచ్చి, నల్లా దగ్గర ముఖం మీది బొగ్గు కడుక్కుంటుంటే, సువార్త వంగి వేలి కణుపుతో కుండీని టకటకా రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వినేది. ఒకరోజు నీళ్ళు పోసేది. ఒకరోజు పొయ్యకుండానే లేచి లోపలికి పోయేది. అది చూసి యిర్మియా మీసాల చాటున నవ్వుకునేవాడు. టింబర్‌మన్ బాయిలోకి దిగగానే చేసే మొదటి పని అదే మరి. కర్రతో కప్పును తట్టి వినాలి. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు, దాని కింద నిలబడొచ్చు. దబ్బుమని మూగగా పలికితే లోపల పొర విడిపోయినట్టు, ఇక దుంగ వెయ్యాలి, లేదా పరుగెత్తాలి. తన విద్యను పెళ్ళాం చూసి నేర్చుకుందని అతనికి లోలోపల గర్వం. ఆ గర్వంలో, ఎందుకు తడుతున్నవని ఒక్కనాడూ అడగలేదు.

అరవై ఎనిమిది వానాకాలంలో సువార్తకు కామెర్లు వచ్చాయి. పసరు పోశారు, దవాఖానకు తీసుకుపోయారు, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. మూడు వారాలకే మనిషి పోయింది. పోయే ముందు రోజు యిర్మియా మంచం పక్కన కూర్చుంటే, చెట్టు జాగ్రత్త అని చెప్పింది. ఎట్లా జాగ్రత్త పడాలో చెప్పే ఓపిక ఆమెకు లేదు. అడిగే తెలివి ఇతనికి లేదు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు యిర్మియా కుండీ ముందు కూర్చుని వేలితో తట్టాడు. వానాకాలం, మట్టి నానిపోయి ఉంది. కుండీ దబ్బుమంది. ఇరవై ఏళ్ళుగా ఆ శబ్దానికి అతనికి తెలిసిన అర్థం ఒక్కటే, ప్రమాదం. వెంటనే చెంబెడు నీళ్ళు పోశాడు. మర్నాడు తట్టాడు, మళ్ళీ దబ్బుమంది. ఈసారి రెండు చెంబులు పోశాడు. తెల్లారి లేస్తే అదే శబ్దం, అదే కంగారు, అవే నీళ్ళు. చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నెల్లాళ్ళూ ఆ మనిషి పడ్డ బాధ నవ్వుకునేది కాదు. సువార్త ఉన్నన్నాళ్ళూ పచ్చగా ఉన్న చెట్టు తన చేతిలోకి వచ్చేసరికి అడుగు కొమ్మ నుంచి పసుపు తిరుగుతోంది. తిండి సయించేది కాదు. షిఫ్టులో ఉన్నా ధ్యాస ఇక్కడే.

కంపెనీ గెస్ట్ హౌస్‌లో తోటపని చేసే కొమురెల్లి అటుగా పోతూ ఆ చెట్టును చూసి ఆగకపోతే కథ అప్పుడే ముగిసేది. కొమురెల్లి గేటు తీసుకుని లోపలికి వచ్చి, కుండీలో వేలు గుచ్చి, పిడికెడు మట్టి తీసి యిర్మియా ముక్కు దగ్గర పెట్టాడు. కుళ్ళు వాసన. ఎన్ని నీళ్ళు పోస్తున్నవని అడిగాడు. యిర్మియా తట్టి చూసే సంగతంతా చెప్పాడు. కొమురెల్లి ముందు పకపకా నవ్వాడు. ఎదుటి మనిషి ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు.

"ఇది బాయి కప్పు గాదు అన్నా, కడుపనుకో. నిండ తాగినప్పుడు మూగగ పలుకుతది. ఖాళీ అయితే ఖంగుమంటది. నువ్వు కడుపు నిండినదానికి మళ్ల మళ్ల తాగిపిస్తున్నవ్."

యిర్మియా అరుగు మీద కూర్చున్నాడు. చెట్టు గురించి కాదు అతని బాధ. నాలుగేళ్ళు రోజూ కళ్ళెదుట జరిగిన పనిని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు. సువార్త తన దగ్గర నేర్చుకోలేదు. ఆమెకు వేరే విద్య ఉంది. ఆమెలో ఇంకా ఎన్ని సంగతులను ఇట్లా తనకు తోచినట్టు అనుకుని వదిలేశాడో ఇప్పుడు ఎవరు చెబుతారు? ఆ పొద్దు అతను డ్యూటీకి పోలేదు.

కొమురెల్లే చెట్టును కుండీలోంచి తీసి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిలో కొత్త గోలెంలో పెట్టించాడు. అడుగున పెంకులు పరిచి, నీళ్ళు జారిపోయే తోవ చేశాడు. పసుపు తిరిగిన కొమ్మలు మళ్ళీ పచ్చబడతాయా అంటే, ఈ జాతికి ఆ గుణం లేదని చెప్పాడు. వేప ఎండినా వానకు చిగురిస్తుంది, తుమ్మ చిగురిస్తుంది. ఇది ఒకసారి ఎండిందంటే ఎండినట్టే. యిర్మియా అడుగు అంతస్తును రంపంతో కోసేసి, ఆ కొమ్మలను పొయ్యిలో పెట్టలేక సువార్త సమాధి దగ్గర పెట్టి వచ్చాడు.

అప్పటినుంచి అతను ఏడాది పొడుగునా ఆ చెట్టు దగ్గర నేర్చుకుంటూనే ఉన్నాడు. వానాకాలం గోలేన్ని చూరు కిందికి జరిపేవాడు, ముసురు పట్టిన రోజుల్లో చెంబు ముట్టేవాడు కాదు. వానలు మధ్యలో ముఖం చాటేసినప్పుడే కొంచెం పోసేవాడు. చలికాలం దానికి దాహం తక్కువ, పదిరోజులకోసారి పొద్దెక్కాక పోస్తే చాలు. చలిపొద్దున చల్లటి నీళ్ళు పోస్తే ముడుచుకుంటుంది. శివరాత్రి దాటిందంటే ఇక కళ్ళు తెరుచుకుని ఉండాలి. ఎండాకాలం ట్యాంకు నీళ్ళు నల్లాలో కాగి వస్తాయి కాబట్టి ముందురోజే కుండలో పట్టి చల్లార్చాలి. సూర్యుడు రాకముందే, కుదరకపోతే పొద్దు వాలాక, ఒకేసారి గుమ్మరించకుండా, అంచు వెంబడి చుట్టూ తిప్పుతూ ఆగి ఆగి పొయ్యాలి. గోలేనికి గోనెసంచి చుట్టి తడపాలి. మొదలు దగ్గర వరిపొట్టు పరవాలి. ఒక ఎండాకాలం నల్లా బంద్ అయితే అందరిలాగే బాయిలోంచి తోడి పైకి వదిలే నీళ్ళు తెచ్చి పోశాడు. వారానికి మట్టి మీద ఉప్పు తేలినట్టు తెల్లటి పొర కట్టింది. ఆ మట్టినంతా గీకి పారేసి, బోరింగ్ దాకా నడిచి రెండు బిందెలు మోసుకొచ్చాడు. బొగ్గుదుమ్ము పడి ఆకు నల్లబడితే, సాయంత్రం తడిబట్టతో ఒక్కో రెమ్మ తుడిచేవాడు.

ఇంతా చేసి ఆ ఇంట్లో మాట వినిపించేది కాదు. ఆదివారం చర్చికి పోయేవాడు, వెనక బెంచీలో కూర్చునేవాడు, ఆమెన్ అన్నాక అందరికంటే ముందు లేచి వచ్చేసేవాడు. పండుగకు చెట్టు మీద దూది పెట్టలేదు, చుక్క కట్టలేదు. పిల్లలు రెండేళ్ళు వచ్చి గేటు దగ్గర నిలబడి చూసి, మూడో ఏడు రావడం మానుకున్నారు. పక్కింటి కనకవ్వకు మాత్రం రోజూ గోడ అవతలనుంచి తట్టిన చప్పుడు, నీళ్ళు పోసిన రోజైతే ఆ తర్వాత నీళ్ళ చప్పుడు వినిపించేది. యిర్మియా బతికే ఉన్నాడని ఆమె అనుకునేది.

డెబ్బై మూడు ఫిబ్రవరిలో వయసు నిండి అతను పని దిగిపోయాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. గోదావరి నదికి అవతల, జైపూర్ దగ్గర పల్లెలో తమ్ముడు దేవసహాయం ఉన్నాడు. నువ్వు పండుకోను ఒక అర్ర కట్టించిన, రా అన్నా అని కబురు చేశాడు. నదిలో నీళ్ళు తగ్గినయి, ఎడ్లబండి కట్టుకుని వస్త, చెట్టును గడ్డి మీద పెట్టుకుని పదిలంగ తెచ్చుకుందాం అన్నాడు.

ఇక్కడ యిర్మియా చేసిన పని జాగ్రత్తగా వినాలి. చెట్టు బండి కుదుపుకు ఆగదు, వేళ్ళు కదులుతాయి, ఇక్కడే ఉండనీ అన్నాడు. అది అబద్ధం. ఆ గోలెం ఇంకో ఊరికి పోయినా ఏమీ కాదని అతనికి తెలుసు. చెట్టు కూడా వెళ్ళిపోతే ఈ గోదావరిఖనిలో తనదంటూ ఏమీ మిగలదు. ఇన్నేళ్ళు నడిచిన ఈ లైన్‌లోకి రావడానికి తనకు పనంటూ ఉండదు. ఎందుకొచ్చినవని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి? ఊరికే వచ్చిన అని చెప్పడం అతనికి చేతకాదు. జీవితంలో ఎక్కడికీ ఊరికే పోయినవాడు కాదు. చెట్టుంటే నీళ్ళు పొయ్యడానికి వచ్చిన అని చెప్పొచ్చు.

క్వార్టర్ ఎల్లేశం అనే కుర్రాడికి ఇచ్చారు. బాయిలో బొగ్గు నింపే పని. మంథని వైపు పల్లె వాళ్ళు, పెళ్ళై మూడేళ్ళు. భార్య సారవ్వ. పలచటి మనిషి, నెమ్మదిగా మాట్లాడేది. యిర్మియా తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, చెట్టును నువ్వు ముట్టకు బిడ్డా, నీళ్ళు నేనే వచ్చి పోసుకుంట అన్నాడు. నేను పోస్త, ఎట్లనో చెప్పండి కాకా అంది ఆమె. నీకు సమజ్ కాదులే అన్నాడు.

చెప్పినట్టే ప్రతి ఆదివారం వచ్చేవాడు. పల్లెలోంచి బస్సు, మంచిర్యాలలో ప్యాసింజర్ బండి, రామగుండంలో దిగి మళ్ళీ బస్సు. ఎండలు ముదిరితే బుధవారం కూడా వచ్చేవాడు. పది నిమిషాల పనిని రెండు గంటలు చేసేవాడు. తట్టేవాడు, మట్టి గుల్ల చేసేవాడు, ఆకులు తుడిచేవాడు. సారవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఊరి సంగతులు చెబుతుండేది. అతను చూరు చూస్తూ ఊకొట్టేవాడు. మధ్యాహ్నం ఆమె అన్నం పెడితే, పెట్టినందుకు కాదు, చెట్టు కోసం ఆగిపోవలసి వచ్చింది కాబట్టి తింటున్నట్టు తినేవాడు. వారంలో అతను మనిషి మాట విని కడుపారా తిన్నది ఆ పూటే. తమ్ముడి ఇంట్లో లోటు చేసేవాళ్ళు కాదు గానీ, అక్కడ ఎవరి పనుల్లో వాళ్ళు ఉండేవాళ్ళు.

ఆ ఏడు ఆగస్టులో వానలు పది రోజులు ఆగిపోయాయి. ఆదివారం యిర్మియా వచ్చి గోలేన్ని తట్టాడు. ఎండిపోయి మోగుతుందనుకుంటూ వచ్చాడు. అది మోగలేదు. అట్లాగని మరీ మూగగానూ లేదు. ఎంత తడి ఉండాలో సరిగ్గా అంతే ఉంది. మట్టి అంచు వెంబడి చుట్టూ సమంగా తడిసి ఉంది. ఎవరో ఆగి ఆగి పోశారు. సారవ్వ వంటింట్లోంచి వచ్చి, నిన్న మోగింది కాకా, అందుకే రెండు చెంబులు పోసిన, సరిగ్గనే పోసిన్నా అని అడిగింది. ముఖం వెలిగిపోతోంది.

సరిగ్గానే పోసింది. తాను పోసినా అంతే పోసేవాడు. ఆర్నెల్లు గడపలో కూర్చుని చూసి ఈ పిల్ల మొత్తం నేర్చేసుకుంది. ఇక తనతో పనేముంది? వచ్చే ఆదివారం ఎందుకు రావాలి? ఆ భయం అతని నోట్లో కోపమై బయటికి వచ్చింది. నలుగురూ వినేట్టు అరిచాడు.

"ముట్టొద్దంటి గద! నీ చెయ్యి మంచిది గాదు. నీ చెయ్యి తగిలితే ఈ చెట్టు సస్తది."

సారవ్వ చెంబు పట్టుకుని లోపలికి పోయింది. ఆ పూట కూడా అన్నం పెట్టింది గానీ గడపలో కూర్చోలేదు. యిర్మియా పోతుంటే కనకవ్వ గోడ దగ్గర ఆపి, కడిగి పారేసింది. ఆ పిల్లకు ఒకసారి కడుపు పోయింది, రెండోది పుట్టి నాలుగు రోజులు బతికి పోయింది, అత్త ఇదే మాట అని ఇంట్లోంచి వెళ్ళగొడితే ఇక్కడికి వచ్చి బతుకుతున్నరు, పెద్దమనిషివి, నీ నోట్లెకెల్లి ఆ మాట ఎట్లొచ్చింది అని అడిగింది.

యిర్మియా బండిలో తల వంచుకుని కూర్చున్నాడు. వచ్చే వారం ఆ మాట వెనక్కు తీసుకోవాలనుకున్నాడు. వచ్చే వారం వచ్చాడు, చూరు చూశాడు, నీళ్ళు పోశాడు, పోయాడు. ఆ పై వారం చెబుదామనుకున్నాడు. మనిషి మంచివాడే, చెడ్డవాడని ఎవరూ అనలేదు. కానీ నాలుగు మాటలు కూడబలుక్కుని ఒక ఆడపిల్ల ముందు చెప్పడం కంటే అతనికి కూలుతున్న కప్పు కింద దుంగ వెయ్యడం సులువు. పైగా ఆమె చెట్టు జోలికి పోవడం మానేసింది. తన పని తనకు దక్కింది. అదొక సిగ్గుమాలిన నెమ్మది. నెలలు గడిచేసరికి సారవ్వ మళ్ళీ గడపలో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక చెప్పనక్కర్లేదేమో అనుకున్నాడు.

డెబ్బై నాలుగు ఎండాకాలం. మే మొదటి ఆదివారం యిర్మియా వచ్చి, గోనెసంచి తడిపి, పొట్టు పరిచి, బుధవారం వస్త అని చెప్పి పోయాడు. బుధవారం నాడు రైల్వే సమ్మె మొదలైంది. దేశమంతా బండ్లు ఆగిపోయాయి. మంచిర్యాల స్టేషన్ దాకా పోయి, ఖాళీ ప్లాట్‌ఫారం చూసి వెనక్కు వచ్చాడు. రేపు రాజీ పడతరు, ఎల్లుండి బండ్లు నడుస్తయి అని చెప్పేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. అతను రోజూ లేచి కూత వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గేవాడు. బస్సుల్లో పోవాలంటే ఎక్కడెక్కడో చుట్టు తిరిగి పోవాలి. ఉన్న ఆ కొద్ది బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. ఆదివారం గడిచింది. సోమవారం నుంచి వడదెబ్బ తగిలి మంచాన పడ్డాడు. దేవసహాయం మజ్జిగ తాగించి, లేవొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. రెండో ఆదివారం కూడా గడిచింది.

మంచం మీద పడుకుని అతను లెక్క వేసింది ఒక్కటే. నిండా నీళ్ళు పోసిన గోలెం ఈ ఎండల్లో నాలుగు రోజులు ఆగుతుంది. నీడలో ఉంది కాబట్టి ఐదు. ఆ తర్వాత? ఆ తర్వాత సారవ్వ ఉంది కదా అనుకునేవాడు. పోస్తుంది, కళ్ళెదుట ఎండుతుంటే ఎవరు మాత్రం పొయ్యకుండా ఉంటారు? ఎట్లా పొయ్యాలో ఆమెకు తెలుసు. ఏ సంగతి తెలిసి ఆ రోజు కడుపు మండిందో, ఇప్పుడు అదే సంగతిని పట్టుకుని వేలాడుతున్నాడు. పొయ్యమ్మా తల్లీ, నా మాట వినకు అని పైకే గొణిగేవాడు.

మూడో ఆదివారం కూడా గడిచాక ఇక ఆగలేదు. దేవసహాయం చేనుకు పోయిన సమయం చూసి, తెల్లవారుతుండగానే తలకు తువ్వాల చుట్టుకుని బయల్దేరాడు. ఇందారం ఊరు దాటి గోదావరిలోకి దిగితే నది ఎక్కడిది, మైలు పొడుగు ఇసుక. నడుమ ఎక్కడో మోకాలు లోతు పాయ ఒకటి. రెండు చోట్ల కూర్చుని దగ్గాడు. ఇసుకలో దోసకాయలు పెట్టినవాళ్ళు పిలిచి నీళ్ళిచ్చి, ఈ ఎండల ఎటు పోతున్నవ్ తాతా అని అడిగారు. చెట్టుకు నీళ్ళు పొయ్యడానికి అన్నాడు. ముసలాయనకు ఎండ తలకెక్కిందని వాళ్ళు అనుకున్నారు.

పది గంటలకు లైన్‌లోకి వచ్చేసరికి గేటు బయటినుంచే కనిపించింది. చెట్టు నిలబడే ఉంది. కొమ్మలన్నీ చాచినవి చాచినట్టే ఉన్నాయి. రంగే లేదు. కొస నుంచి మొదలు దాకా బూడిద రంగు తిరిగి ఉంది. దగ్గరికి పోయి చెయ్యి వేస్తే రెమ్మ పటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది. గోనెసంచి ఎండి అప్పడంలా బిర్రబిగుసుకుపోయింది. యిర్మియా గోలేన్ని తట్టలేదు. తట్టి తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదు.

చప్పుడు విని సారవ్వ బయటికి వచ్చింది. అతన్ని చూడగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. ఎల్లేశం పొయ్యమన్నాడట. కనకవ్వ పొయ్యమందట. ఒకనాడు చెంబు నింపుకుని గోలెం దాకా వచ్చిందట, పొయ్యడానికి మనసొప్పక నీళ్ళన్నీ వాకిట్లో పారబోసి వెనక్కు పోయిందట. ఎల్లేశాన్నే పొయ్యమని బతిమాలితే, ఇంటి మనిషివి నువ్వుండి నాకెందుకని షిఫ్టుకు పోయాడట.

"నా చెయ్యి తగిలితే సస్తదంటిరి గద కాకా," అంది. "అది నిజమైతదేమోనని భయమైంది. రోజు పొద్దుగాల లేసి మీరొస్తరని చూసిన."

యిర్మియా గడప మీద కూర్చుండిపోయాడు. సువార్తను మట్టిలో పెట్టిన రోజు కూడా నలుగురిలో కన్నీరు పెట్టనివాడు, అప్పుడు తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, తువ్వాల తీసి, జీవితంలో మొదటిసారి ఎదుటి మనిషి ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"నీ చెయ్యి మంచిదే బిడ్డా. ఆ రోజు నువ్వు సరిగ్గనే పోసినవ్. నాకంటె మంచిగ పోసినవ్. నువ్వు నేర్సుకుంటే ఇగ ఈ ఇంటికి నాతోని పనేముంటదనుకున్న. అందుకే గట్లన్న."

సారవ్వ కళ్ళు తుడుచుకుంది. కోపం వచ్చినట్టు కూడా లేదు.

"పనుంటేనే వస్తరా కాకా మనుషులు? పోయిన మూడు ఆదివారాలు మీకని అన్నం ఎత్తిపెట్టిన. చెట్టు కోసం పెట్టిన్నా?"

ఆమె కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టింది. అతను తిన్నాడు. ఎండ చల్లబడ్డాక ఎల్లేశం చెట్టును మొదలుతో సహా పీకి వెనక దొడ్లో వేశాడు. గోలెం నువ్వు వాడుకో బిడ్డా అని సారవ్వకు చెప్పి, ఆ సాయంత్రం అటువైపు పోయే బొగ్గు లారీ ఒకటి దొరికితే ఎక్కి యిర్మియా వెళ్ళిపోయాడు. ఆదివారం రండి కాకా అని సారవ్వ గేటు దాకా వచ్చి రెండుసార్లు చెప్పింది. వస్త అన్నాడు.

ఆ వారంలోనే సమ్మె ముగిసింది. ఆదివారం పొద్దున యిర్మియా ఉతికిన ధోవతి కట్టుకుని, మంచిర్యాల స్టేషన్‌కు వచ్చి టికెట్ తీసుకున్నాడు. బండి వచ్చింది. ఇరవై రోజుల తర్వాత నడుస్తున్న బండ్లు కాబట్టి జనం తోసుకుని ఎక్కుతున్నారు. కిటికీ దగ్గర చోటు పట్టుకున్న తెలిసినాయన ఒకడు, రా రా యిర్మియన్నా జల్ది ఎక్కు, ఎటు పోతున్నవ్, ఖనికేనా, ఏం పని మీద అని పిలిచాడు. యిర్మియా పెట్టె తలుపు కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సారవ్వ అన్నం ఎత్తిపెట్టి ఉంటుందని అతనికి తెలుసు. కూత వేసింది, బండి కదిలింది, అతను చెయ్యి తీసేశాడు. ఏం పని లేదు, ఊరికే ఆ పిల్లను చూసి వద్దామన్న ఒక్క మాట నోటికి రాలేదు.